ఖాళీ యిల్లు – నిండు వీథి



'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అని మన పెద్దలు చెప్పినారు. ఈ రెండు కార్యములును మనుష్యుని ధనమును, ఓపికను, బంధుత్వములను ఒక్కమాఱుగా పరీక్షించునవి గనుక వానినే వారు ఎన్నుకొనిరి. 'ఇల్లు అమ్మి చూడు' అను మూడవ మాట వారికి తోచకపోవుటకు కారణము లేకపోలేదు. వారి కాలమున ఇల్లు అమ్ముట కార్యము కాదు, ఆపద. 'వాడు కొంప అమ్ముకొన్నాడు' అన్నచో అప్పులపాలైనాడనియో, వ్యసనములపాలైనాడనియో అర్థము. నేటి మాట వేఱు. కుమారుడు బెంగుళూరులోనో అమెరికాలోనో ఉద్యోగము చేయుచుండును. కుమార్తె మఱియొక పట్టణమున కాపురముండును. ఊరిలో నున్న రెండవ యిల్లు తాళము వేసికొని యుండును. దానిని అమ్ముటలో అవమాన మేమియు లేదు. కాని యది సులభమైన పనియు కాదు. ఇటీవల నాకు ఈ మూడవ పరీక్ష తటస్థించినది. అందు నేను కనుగొన్న సంగతులు కొన్ని మీకు మనవి చేసెదను.

ముందుగా ఖాళీ యిండ్ల మాట. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలనుబట్టి మన దేశమందలి పట్టణములలో ఎవరును కాపురము లేక ఖాళీగా నున్న యిండ్లు 1 కోటి 10 లక్షలకు పైగా నుండెను. అంతకు పదియేండ్లకు ముందు, అనగా 2001లో, ఈ సంఖ్య 65 లక్షలు. పట్టణములలోని యిండ్లన్నిటిలో నూటికి సుమారు పండ్రెండు తాళములు వేసినవే యన్నమాట. అదే పట్టణములలో అద్దెయిల్లు దొరకక, దొరకినను అద్దె యిచ్చుకొనలేక వీథులవెంట తిరుగువారెందఱో మీరెఱుగుదురు. ఆకలిగొన్న వారొక ప్రక్కను, మూతవేసిన గాదె లొక ప్రక్కను ఉన్నట్లున్నది ఈ వ్యవహారము.

దీనికి కారణ మొక్కటి కాదు. అద్దెకు వచ్చినవాడు ఖాళీ చేయడేమో యని యజమానునికి భయము. అద్దె ఎప్పుడు పెంచునో, ఎప్పుడు పొమ్మనునో యని కాపురమున్నవానికి భయము. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇండ్ల కరవు వచ్చినప్పుడు, కాపురమున్నవారిని రక్షించుటకై అద్దెల నియంత్రణము మన ప్రాంతమున మొదలైనది. తరువాత 1960లో ఆంధ్రప్రదేశమునకు ప్రత్యేకముగా చట్టము వచ్చినది. ఆ రక్షణ అవసరమే. కాని వివాదము కోర్టు కెక్కినచో తీర్పు వచ్చుటకు ఏండ్లు పట్టును. ఆ మాట విన్న యజమానుడు, 'అద్దె రాకపోయినను పోనిమ్ము, తాళము నా చేతిలో నున్నది గదా' యని ఊరకుండును. ఇట్లు భయము భయమును పెంచి యిల్లు పాడుపెట్టును.

పాడుపెట్టు ననుట అతిశయోక్తి కాదు. మనుష్యులు మెలగుచున్న యిల్లు అఱువదియేండ్లైనను నిలుచును. తాళము వేసిన యిల్లు ఏడాదిలో ముసలిదగును. మా యిల్లు రాజమహేంద్రవరములోని ఇన్నీసుపేటలో నున్నది. మా తండ్రిగారు 1964లో కట్టించిన పెంకుటిల్లు. రెండు గదులు, వంటయిల్లు, పెఱటిలో ఒక నుయ్యి, ఒక జామచెట్టు, వీథివైపున నిడుపాటి అరుగు. మేము దానవాయిపేటలో కాపురముండుటచేత దీనిని మొదటినుండియు అద్దెకే యిచ్చుచుంటిమి. ఒక ఉన్నతపాఠశాలలోని తెలుగుపండితుడు, తరువాత ఒక రైల్వే గార్డు, ఆ తరువాత ఆసుపత్రిలో నర్సు పని చేయు నొక యిల్లాలు, కడపట కాగితపుమిల్లులో పనిచేసిన యొక పెద్దమనిషి అందు కాపురముండిరి. ఆయన ఉద్యోగమునుండి విరమించి కుమారునియొద్దకు పోయెను. అప్పటినుండి పదునాలుగు నెలలు ఇల్లు ఖాళీ.

ఆ పదునాలుగు నెలలలో జరిగిన దేమి? గోదావరి తేమకు తలుపులు ఉబ్బి తెఱచుకొనుట మానినవి. వంటయింటి వాసమునకు చెద పట్టినది. పెంకు జరిగినచోట వాన కారి గోడ పచ్చబాఱినది. నూతిలో నీరు తోడువారు లేక నాచు కమ్మినది. ఇంటిపన్ను మాత్రము ఆఱునెలల కొకమాఱు తప్పక వచ్చుచుండెను. ఒక దీపమైనను వెలుగకున్నను విద్యుచ్ఛక్తి బిల్లు వచ్చుచునే యుండెను. అద్దెకు వచ్చినవారు అన్ని వసతులు గల అపార్టుమెంటు కావలె ననిరి. బాగుచేయించుటకు నా వయస్సును, నా సంచియు ఒప్పుకొనలేదు. కాబట్టి అమ్మివేయుటకు నిశ్చయించితిని.

అమ్మదలచినవాడు మొదట చూడవలసినది గోడలు కాదు, కాగితములు. మూలదస్తావేజు, అంతకు ముందటి లింకు దస్తావేజులు, పన్ను రసీదులు, సబురిజిస్ట్రారు కార్యాలయము వారిచ్చు ఈసీ – ఇవి నాలుగును చేతనుంచుకొని గాని అమ్మకపు మాట యెత్తరాదు. ఈసీ యనగా ఆ యాస్తిపై రిజిస్టరైన క్రయములు, తాకట్లు మొదలగువాని పట్టిక. అందు రిజిస్టరైనవే కనబడును. రిజిస్టరు కాని వీలునామా కాని, కోర్టులో నడచుచున్న దావా కాని అందు కనబడకపోవచ్చును. కావున ఈసీలో ఏమియు లేనంతమాత్రమున చిక్కేమియు లేదని కొనువారు తలపరాదు. జనరల్ పవరు పట్టాతోను, అగ్రిమెంటుతోను ఇండ్లు చేతులు మార్చుట కొంతకాలము విరివిగా సాగెను. అట్టి కాగితములవలన యాజమాన్యము సంక్రమింపదని 2011లో సుప్రీముకోర్టు స్పష్టముగా తీర్పు చెప్పినది. రిజిస్టరైన విక్రయ దస్తావేజే ఇల్లు ఇచ్చునది.

రెండవది, సంతకము చేయవలసినవా రెవరు అనునది. మా తండ్రిగారు వీలునామా వ్రాయకయే కాలము చేసిరి. మా తల్లిగారు అంతకు ముందే గతించిరి. మేము ఇరువురము సంతానము, నేనును నా చెల్లెలును. తండ్రి స్వార్జితమున కుమార్తెకు కుమారునితో సమానమైన భాగము 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టమునుండియు కలదు. పిత్రార్జితమున సైతము ఆడుబిడ్డకు పుట్టుకతోడనే హక్కు నిచ్చుచు మన రాష్ట్రమువారు చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దేశమంతటికిని అట్టి సవరణ 2005లో గాని రాలేదు. ఈ విషయమున తెలుగువారు ఇరువదియేండ్లు ముందున్నారని చెప్పుకొనవచ్చును. అయినను మధ్యవర్తులలో కొందఱు, 'చెల్లెలుగారికి పసుపుకుంకుమలక్రింద ఏదో యిచ్చి ఒక కాగితముపై వ్రాలు చేయించుకొనరాదా' యని నేటికిని సలహా యిచ్చుచునే యున్నారు. హక్కు గలవారికి హక్కు ముట్టవలెను. దానికి దయ యని పేరు పెట్టరాదు. విశాఖపట్టణములో నున్న నా చెల్లెలికి ఫోను చేసి, వచ్చిన ధరలో సరిసగము నీదని చెప్పితిని. 'అది నాకు తెలుసు, అన్నయ్యా. ఇల్లు ఎవరికి అమ్ముతావో అది చెప్పు' అని యామె యడిగినది. ఆ ప్రశ్నకు అప్పటికి నాయొద్ద సమాధానము లేదు.

కొనువారు ఎప్పుడు వత్తురో తెలియదు. ఒకరు ప్రొద్దుటివేళ వత్తుమందురు, సాయంకాలము వత్తురు. మఱియొకరు వత్తుమందురు, రారు. కావున నేను ప్రతిదినము తాళముచెవి పట్టుకొనిపోయి, తలుపులు తీసి, గాలి ఆడనిచ్చి, వీథియరుగుపై కూర్చుండసాగితిని. ఇట్లు మూడునెలలు గడచినవి. నెల కొకమాఱు అద్దెకై వచ్చి పోవువానికి వీథిలో ఇంటినంబరులు మాత్రము కనబడును. అరుగుమీద కూర్చున్నవానికి మనుష్యులు కనబడుదురు. ఇల్లు అమ్ముడుపోవలెనని కూర్చున్న నాకు ఆ వీథి దినదినము ఒక వినోదముగా, క్రమముగా ఒక యాసరాగా మాఱినది.

తెల్లవాఱుజామున గోదావరి స్నానమునకు పోవువారు రాగిచెంబులు పట్టుకొని ఆ దారినే పోవుదురు. వారు తిరిగి వచ్చునప్పటికి వాకిళ్లయందు కల్లాపి చల్లి ముగ్గులు వేసి యుందురు. ఎవరి ముగ్గు తొక్కకుండ ఎట్లు నడువవలెనో ఆ స్నానపరులకు కంఠస్థము. వీథిచివర చిన్న యిడ్లీలంగడి. దాని పొగ లేచినదనగా ఆఱుగంట లైనదని లెక్క. ఎదురింటి యరుగుమీద నలుగురు వృద్ధులు ఒకే వార్తాపత్రికను పుటలు విడదీసి పంచుకొని చదువుదురు. క్రీడల పుట చదువుచున్నవాడు రాజకీయముల పుట వచ్చువఱకు తన యభిప్రాయము చెప్పరాదు. అది వారి కట్టుబాటు. నన్ను మూడవదినముననే యైదవవానిగా చేర్చుకొని, ప్రకటనల పుట నా చేతి కిచ్చిరి. 'ఇల్లు అమ్మువాడు చదువవలసినది ఇదే' యని హాస్యమాడిరి.

ఆ వృద్ధుల జ్ఞాపకములలో ఊరి చరిత్ర యంతయు నున్నది. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన పెద్ద వరదనాడు ఎవరి యింటిలో ఎవరు తలదాచుకొనిరో వారు లెక్క చెప్పగలరు. 1900లో తెఱచి, 1997లో రైళ్లు ఆపివేసిన పాత హేవులాకు వంతెనమీద పోయిన రైళ్ల చప్పుడు విని కాలము చెప్పిన దినములు వారికి జ్ఞప్తియందున్నవి. మా యింట కాపురమున్న రైల్వే గార్డు తన బండి వంతెన యెక్కునప్పుడు చీకటిలో దీపము ఊపినట్లును, ఆయన బిడ్డలు మేడపైనుండి చూచి మురిసిపోయినట్లును వారే నాకు చెప్పిరి. ఆ గార్డు పేరుమీద మేమిచ్చిన అద్దె రసీదులు నాయొద్ద నున్నవి. ఆ దీపము సంగతి మాత్రము వారియొద్ద నున్నది.

సాయంకాలము వీథి పిల్లలది. మా యింటి ప్రహరీగోడపై బొగ్గుతో గీచిన మూడు గీతలే వారి వికెట్లు. కొనువారు వచ్చు సమయమున బంతి కిటికీకి తగులకుండ చూచుటకు వారిలో ఒక చిన్నవాడు తనంతతానే కావలి నిలిచెను. ఎవరైన కారు దిగి యింటివంక చూచినతోడనే 'బేరం వచ్చింది, ఆట ఆపండి' యని కేక వేయును. బేరము కుదురక వారు పోయినచో పిల్ల లందఱును సంతోషింతురు. వారి సంతోషమునకు కారణము నేను గ్రహించితిని. వచ్చిన ప్రతివాడును మొదట చూచునది ఆ గోడనే. 'ఇది పడగొట్టి ముందుకు జరుపవచ్చునా' యని యడుగునది పిదప.

ఇక మా యరుగు సంగతి. అరుగు తూర్పుకొసన ఒక పూలమ్మి పదునెనిమిది సంవత్సరములుగా బుట్ట పెట్టుకొని కూర్చుండును. కడియపులంక పూలసంతనుండి తెల్లవాఱుజామున పూలు తెచ్చుకొని, అరుగుపై తడిగుడ్డ పఱచి, మాల కట్టుచు, మూరల లెక్కన అమ్మును. వేసవిలో మల్లెలు, చలికాలమున చేమంతులు, ఏకాలమునైన కనకాంబరములు. కాలమేదో తెలియవలెనన్న పంచాంగము చూడనక్కఱలేదు, ఆమె బుట్ట చూచిన చాలును. ఏనాడో మా తండ్రిగారు 'ఎండలో ఎందుకు, అరుగుమీద కూర్చో' అన్నారట. అదియే యామె పట్టా. ఆ యరుగుమీద సంపాదించిన దానితో ఆమె యిద్దఱు కుమార్తెలకు పెండ్లిండ్లు చేసినది.

కొనువారిని గుఱించి చెప్పెదను. కొందఱికి నైరృతిమూలనున్న నుయ్యి గిట్టలేదు. ఆ నూతినీళ్లు త్రాగి పెరిగినవారిలో ఒకడు వైద్యుడు, ఒకతె ఉపాధ్యాయురాలు అయినా రని చెప్పినను వారు వినలేదు. కొందఱు గజము ధర తప్ప మఱి దేనిని అడుగలేదు. తుదకు ఇద్దఱు మిగిలిరి. ఒకరు ప్రక్కస్థలమును ఇదివఱకే కొనియున్న బిల్డరు. ఆయన రెండు స్థలములు కలిపి అయిదంతస్తుల అపార్టుమెంటు కట్టునట. క్రిందిభాగము కార్లు నిలుపుటకు. అరుగు, నుయ్యి, జామచెట్టు ఉండవు. ఆయన మాట మర్యాదగానే యున్నది, ధరయు మంచిదే. రెండవవారు వీథిచివర ఇడ్లీలంగడి నడుపు దంపతులు. పదునొకండేండ్లుగా అదే వీథిలో అద్దెకున్నారు. ఇంటిని బాగుచేసికొని యందే కాపురముండ నెంచినారు. బ్యాంకు అప్పు మంజూరైనది. కాని వారు ఇయ్యగలిగిన ధర బిల్డరు ధరకంటె మూడులక్షలు తక్కువ.

ఇక్కడ నాకు పెద్ద యాలోచన కలిగినది. పూలమ్మి చోటు నిలువవలెనన్నచో దస్తావేజులో ఒక షరతు వ్రాయింపవచ్చునా యని ఒక న్యాయవాదిమిత్రుని అడిగితిని. ఆయన చెప్పినది వినదగినది. 1882లో మన దేశమున రెండు చట్టములు వరుసగా పుట్టినవి. ఒకటి ఆస్తిబదిలీ చట్టము, రెండవది ఈజుమెంట్ల చట్టము. ఒకరి స్థలములో అనుమతిమాత్రమున కూర్చుండుటకు లైసెన్సు అని పేరు. అది యాస్తిలో హక్కు కాదు. రెండవ చట్టము 59వ సెక్షనునుబట్టి, అనుమతి యిచ్చినవాడు ఆ యాస్తిని అమ్మివేసినచో కొన్నవాడు ఆ యనుమతికి కట్టుబడ నక్కఱలేదు. మొదటి చట్టము 11వ సెక్షనునుబట్టి, ఆస్తిని సంపూర్ణముగా అమ్మి, దానిని నీవు ఈ విధముగానే అనుభవింపవలెనని షరతు పెట్టినచో, కొన్నవాడు ఆ షరతు లేనట్లే అనుభవింపవచ్చును. ఈ న్యాయమును తప్పుపట్టలేము. అమ్మినవాడు చచ్చినతరువాత సైతము కొన్నవాని నెత్తిపై కూర్చుండరాదు గదా. దీనినిబట్టి తేలిన దేమనగా, అమ్మినతరువాత ఆ యరుగుపై నా మాట చెల్లదు. అమ్ముటకు ముందు, ఎవరికి అమ్మవలెనో నిర్ణయించునప్పుడు మాత్రమే చెల్లును.

ఈ సంగతి పూలమ్మికి తెలియజేయుట న్యాయమని తోచి చెప్పితిని. ఆమె దారము తెంపుచు విని, 'నన్ను లెమ్మనడానికి మీకు నోరు రాదు బాబుగారూ. కొన్నాయనకి వస్తుంది. అది తప్పేం కాదు. నాకో నెలరోజులు ముందు చెప్పండి చాలు. ఎదురుసందులో చోటు చూసుకుంటాను' అన్నది. మఱియు నొక మాట చెప్పినది. 'నా గుఱించి మూడు లక్షలు పోగొట్టుకోకండి. మీ చెల్లెలుగారి డబ్బు కూడా అందులో ఉంది.'

ఈ మాట నన్ను నిలువరించినది. నిజమే. నా సగము నేను వదలుకొన్నచో అది నా యిష్టము. నా చెల్లెలి సగము వదలుకొనుటకు నే నెవడను? పరుల సొమ్ముతో ధర్మము చేసి పేరు తెచ్చుకొనుట ధర్మము కాదు. ఆ రాత్రి ఫోను చేసి రెండు ధరలును, రెండు పక్షములును ఉన్నవి ఉన్నట్లు చెప్పితిని. నేను ఇడ్లీలంగడివారికి ఇయ్యదలచితిననియు, నీవు కాదన్నచో బిల్డరునకే యిత్తుననియు, నీవు ఔనన్నను నీ వంతు తగ్గు లక్షన్నర నేను భరింతుననియు చెప్పితిని. చెల్లెలు కొంతసే పూరకుండి, 'ఆ లక్షన్నర నాకేమీ చేదు కాదు, అన్నయ్యా. మా పాప చదువుకి పనికి వచ్చేదే. కానీ నాన్న కట్టిన యిల్లు నిలిచిందని చెప్పుకోవడానికి నా వాటా నేనే యిస్తాను. నీ దగ్గర తీసుకోను. అగ్రిమెంటు మాత్రం గట్టిగా వ్రాయించు. మంచివాళ్లతో కూడా కాగితం ఉండాలి' అన్నది.

కాగితము గట్టిగానే వ్రాయించితిమి. ధర, బయానా, మిగిలిన సొమ్ము చెల్లింపవలసిన గడువు, గడువు తప్పినచో చేయవలసినది – అన్నియు అందు చేర్చితిమి. స్థిరాస్తి క్రయమున ఇరువదివేలు గాని, అంతకు మించి గాని రొక్కముగా పుచ్చుకొనుట 2015 జూను 1వ తేదీనుండి నిషేధము. కావున సొమ్మంతయు బ్యాంకుద్వారానే నడచినది. ధర ఏబదిలక్షలో, అంతకు మించియో యైనచో కొనువారు నూటికి ఒక రూపాయి అమ్మువారి పన్నుక్రింద మినహాయించి ప్రభుత్వమునకు కట్టవలెను. స్టాంపు, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము అను మూడును కలిసి ఆంధ్రప్రదేశమున నూటికి ఏడున్నర వఱకు నగును. ఈ వ్యయమునకు జంకి దస్తావేజులో ధర తగ్గించి వ్రాయుద మను సలహా కొనువారికి తఱుచుగా చెవిని పడుచుండును. అట్లు వ్రాసినచో ప్రభుత్వమునకు నష్టము. అంతేకాక, ఎప్పుడైన తగవు వచ్చినప్పుడు, తా మిచ్చిన సొమ్ముకు తమయొద్ద సాక్ష్యము లేకుండ చేసికొనుటయు నగును.

శ్రోతలారా, దస్తావేజు వ్రాయునప్పుడు నేను గమనించిన యొక విశేషమును మీకు చెప్పవలెను. ఇంటిని గుర్తించుటకు మన దస్తావేజులలో చెక్కుబందీ వ్రాయుదురు. తూర్పు ఫలానావారి యిల్లు, దక్షిణము ఫలానావారి ప్రహరీ, పడమర ఫలానావారి స్థలము, ఉత్తరము వీథి. ఇరుగుపొరుగులను చెప్పినగాని ఇల్లు ఎక్కడ నున్నదో చెప్పుటకు వీలులేదు. 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము 21వ సెక్షను ఇంకొక మెట్టు పైకి పోయినది. పట్టణములోని యిల్లు ఏ వీథికి ఏవైపున నున్నదో చెప్పవలెను. అంతేకాక అందు ఇప్పు డెవరున్నారో, మునుపెవరుండిరో చెప్పి గుర్తింపవలెనట. శుష్కమైన చట్టమున ఈ మాట యెట్లు వచ్చినదో గాని, సత్యమే చెప్పినది. ఇల్లనగా గోడలు కాదు. చుట్టు నున్నవారును, అందు ఉండిపోయినవారును. తెలుగుపండితుడు, రైల్వే గార్డు, నర్సు, కాగితపుమిల్లు ఉద్యోగి – వీరందఱును మా యింటి హద్దులే.

రిజిస్ట్రేషనునాడు చెల్లెలు విశాఖపట్టణమునుండి రైలులో వచ్చినది. కార్యాలయమున మా యిరువురి ఛాయాచిత్రములు తీసి, వ్రేలిముద్రలు పుచ్చుకొనిరి. ఒకరికి బదులు మఱియొకరు నిలువకుండుటకై 2001లో చేసిన సవరణవలన వచ్చిన పద్ధతి యిది. పని ముగిసినతరువాత ఆమె యింటికి పోయి, పెఱటిలోని జామచెట్టు నొకమాఱు ముట్టి చూచినది. పూలమ్మియొద్ద రెండుమూరల మల్లెలు కొన్నది. పూలమ్మి డబ్బు పుచ్చుకొనలేదు. చెల్లెలు ఇయ్యక మానలేదు. ఆ తగవు తీరుటకు పదినిమిషములు పట్టినది. ఇంటి బేరముకంటె అదియే కష్టమైనది.

తరువాత జరిగినదంతయు మనము కోరినట్లే జరిగిన దని చెప్పిన నది కథ యగును. కొన్నవారు వంటయింటిని పెంచుటకై జామచెట్టు కొట్టివేసిరి. వారికి గది కావలెను, చెట్టు దారిలో నున్నది. స్కూటరు నిలుపుటకై పూలమ్మిని అరుగు తూర్పుకొసనుండి పడమటికొసకు జరుగుమనిరి. ఆమె జరిగినది. పడమటెండ తగులుచున్నదని ఒక గొడుగు కట్టుకొన్నది. నూతికి చప్టా వేయించి నాచు తీయించిరి. వేసవిలో కుళాయి రానినాడు నాలుగిండ్లవారు అందే నీరు తోడుకొనుచున్నారు. ప్రహరీకి సున్నము వేయించిన మఱునాడే పిల్లలు బొగ్గుతో మరల మూడు గీతలు గీచిరట. ఇంటివారు చూచియు చూడనట్లుండిరి. చట్టము ఇయ్యలేని దానిని ఇరుగుపొరుగువారి మొగమాటము కొంతవఱకు ఇచ్చుచున్నది. ఎంతకాల మిచ్చునో ఎవరును చెప్పలేరు. ఇప్పటికి ఇచ్చుచున్నది.

ఊళ్లు పెరుగవలసినదే. అపార్టుమెంట్లు కట్టకున్న ఇంతమంది జనము తలదాచుకొను టెక్కడ? బిల్డరునకు అమ్మినవాడు పాపి యనియు, అమ్మనివాడు పుణ్యాత్ముడనియు నేను చెప్పను. అప్పులున్నవారికి, వైద్యమునకు సొమ్ము కావలసినవారికి ఎక్కువ ధరయే ధర్మము. నాకు అంతటి యవసరము లేదు గనుక ఎంపిక చేయుటకు వీలు కలిగినది. ఆ వీలున్నవారికి మాత్రము మూడు మాటలు మనవి చేసెదను. ఇల్లు తాళము వేసి పాడుపెట్టకుడు. అద్దెకైన నిండు, అమ్మనైన అమ్ముడు. అమ్మునప్పుడు కాగితములు సరిచూచుకొని, ఆడుబిడ్డల వంతు వారికి ముట్టజెప్పుడు. మూడవది, బేరము కుదుర్చుకొనుటకు ముందు కొన్నాళ్లు ఆ యింటి యరుగుమీద కూర్చుండి చూడుడు. అరుగు లేకున్న గుమ్మముముందు కుర్చీ వేసికొనుడు. మీ రమ్మునది గజములలో ఎంతో దస్తావేజు చెప్పును. దానితో ఏమేమి పోవునో, ఏమేమి నిలుపవచ్చునో వీథియే చెప్పును.

ఇప్పుడు ఆ వీథిలో నాకు సెంటు భూమి లేదు. అయినను వారములో మూడుదినములు పోయి వచ్చుచున్నాను. పత్రిక పంపకములో నాకు స్థానము నిలిచియున్నది. ఇల్లు అమ్ముడుపోయినది గనుక ప్రకటనల పుట తీసివేసి, సంపాదకీయమున్న పుట నిచ్చినారు. అది పైకి వచ్చుటయే యని వారి యభిప్రాయము.